మందు ఖర్చు, ఓపిక ఖర్చు, ఊరట ఖర్చు: దీర్ఘకాలిక జబ్బున్న ఇంట్లో డబ్బు ఎటు పోతుంది?

మా ఇంట్లో అటక మీద ఒక ఇనప దోసె పెనం ఉంది. అట్టపెట్టె ఇంకా పూర్తిగా విప్పలేదు. రెండేళ్ల కిందట, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న రోజుల్లో, రాత్రి రెండు గంటలకు నిద్ర పట్టక ఫోన్‌లో ఆర్డర్ పెట్టాను. పార్సిల్ వచ్చాక రెండు చేతులతో పట్టుకుని పైకి లేపబోతే మణికట్లు ఒప్పుకోలేదు. నాకు కీళ్లవాతం వచ్చి అప్పటికే నాలుగేళ్లు. రెండున్నర కిలోల పెనాన్ని పొయ్యి మీదికి ఎత్తి దించడం నా వల్ల కాదని నాకు బాగా తెలుసు. ఆ రాత్రి మాత్రం ఆ సంగతి ఎటో పోయింది. ఆ పెనం నేను కొన్నది జబ్బు రాకముందు ఉన్న మనిషి కోసం.

జబ్బున్న ఇంట్లో డబ్బు మాట వచ్చినప్పుడల్లా రెండు వాక్యాలు వినిపిస్తాయి. "సంపాదనంతా మందులకే పోతోంది" అన్నది ఒకటి. "మందులకు లేవంటారు, పార్సిళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి" అన్నది రెండోది. ఒకే ఇంట్లో, ఒకే నెలలో ఈ రెండూ నిజమే కావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద ఉన్న 18 శాతం పన్ను పూర్తిగా పోయింది. అదే వారంలో ఆన్‌లైన్ దసరా సేల్స్ కూడా మొదలయ్యాయి. పన్నుతో కలిపి నెలకు 2,200 రూపాయల మందులు కొనే ఇంటికి ఈ తగ్గింపు వల్ల మిగిలేది సుమారు 137 రూపాయలు. సేల్‌లో ఒక్క రాత్రి చాలు, అంతకు పదింతలు పోవడానికి. ఆ రాత్రి వెనక ఏముందో అర్థం కావాలంటే ముందు ఖర్చుల్ని ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూడాలి.

## జబ్బు నెలనెలా ఉంటుంది, బీమా ఎప్పుడో కానీ పనికిరాదు

నెలలూ ఏళ్లూ వెంట ఉండి, పూర్తిగా పోకుండా, మందులతో అదుపులో ఉంచుకోవాల్సిన జబ్బును దీర్ఘకాలిక జబ్బు అంటారు. షుగర్, బీపీ, థైరాయిడ్, ఆస్తమా, కీళ్లవాతం, మూర్ఛ, పార్కిన్సన్స్, కిడ్నీ జబ్బు ఇవన్నీ ఆ కోవలోవే. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో వేసిన అంచనా ప్రకారం ఒక్క షుగరే దేశంలో 10 కోట్ల మందికి పైగా ఉంది.

ప్రభుత్వమూ, బీమా కంపెనీయూ భరించకుండా మనం చేతి నుంచి కట్టుకునేది జేబు ఖర్చు. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో దీని వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. తగ్గడం మంచిదే. అయితే దీర్ఘకాలిక రోగికి ఆ తేడా అంతగా తెలియకపోవడానికి కారణం ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, ప్రైవేటు బీమా అయినా ప్రధానంగా చూసేది ఆపరేషన్లనూ, ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలనూ. మందుల షాపులో నెలనెలా కట్టేది, మూడు నెలలకోసారి ల్యాబ్‌లో కట్టేది, ఓపీ ఫీజు, ఆటో ఛార్జీ... వీటిలో చాలా భాగం ఎక్కడా క్లెయిమ్ కాదు. పైగా కొత్త పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు అది నాలుగేళ్లు.

అంటే పెద్ద దెబ్బకు ఎంతో కొంత అడ్డు ఉంది. రోజూ పడే చిన్న దెబ్బలకు అడ్డు లేదు. ఈ చిన్న ఖర్చులను మందు ఖర్చు అందాం. డాక్టర్ చీటీ మీద రాసినవి, ఆ చీటీ కోసం అయ్యేవి అన్నీ ఇందులోకే వస్తాయి.

## ఓపికను కూడా డబ్బు పెట్టి కొనాల్సి వస్తుంది

తెలుగులో ఓపిక అన్న మాటకు రెండు అర్థాలు. "కాస్త ఓపిక పట్టు" అంటే సహనం. "లేవడానికి ఓపిక లేదు" అంటే ఒంట్లో సత్తువ. జబ్బుతో బతికేవాళ్లకు ఈ రెండూ ఒకే డబ్బాలోంచి రావాలి. ఆ డబ్బా పొద్దున్నే సగం ఖాళీగా ఉంటుంది.

కీళ్లవాతంలో పొద్దున లేవగానే వేళ్లు గంట, గంటన్నర దాకా ముడుచుకోవు. పాల ప్యాకెట్ కత్తిరించడమే పెద్ద పని. అలాంటి రోజు వంట చేసి, బస్సులో నిలబడి, ఎనిమిది గంటలు ఉద్యోగం చేసి, ఇంటికొచ్చి మళ్లీ వంట చేయాలంటే ఎక్కడో ఒక చోట తెగుతుంది. అది తెగకుండా ఉండేందుకు పెట్టే డబ్బే ఓపిక ఖర్చు. బస్సుకు బదులు ఆటో, రెండు పూటల్లో ఒక పూట కర్రీ పాయింట్ నుంచి కూరలు, అంట్లు తోమడానికి మనిషి, ఒలిచిన వెల్లుల్లి, తరిగిన కూరగాయల ప్యాకెట్.

బయటికి ఇది సోకులా కనిపిస్తుంది. కర్రీ పాయింట్ కవరు చేతిలో చూసి "ఏమ్మా, నలుగురికి కూర వండటం కూడా కష్టమైపోయిందా?" అని అత్తగారు మామూలుగానే అడుగుతారు. ఆమె మాటలో కోపం ఉండకపోవచ్చు. కానీ ఆ మాట విన్నాక మర్నాడు నొప్పితోనే వండి, ఆ పై రెండు రోజులు మంచం మీద ఉన్నవాళ్లను నేనెరుగుదును. కుటుంబాలు ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కత్తెర వేసేది ఈ గడి మీదే. కంటికి కనిపించేది అదే కాబట్టి.

అలాగని ప్రతి ఆటో ఛార్జీ సమర్థనీయమని కాదు. నొప్పులు తిరగబెట్టినప్పుడు మొదలైన ఏర్పాటు, నొప్పులు సద్దుమణిగాక కూడా అలవాటుగా సాగిపోతుంటుంది. ఓపిక ఖర్చు జబ్బుతో పాటు పెరిగి, జబ్బుతో పాటు తగ్గాలి. తగ్గడం లేదంటే అది ఓపిక గడిలోంచి పక్క గడిలోకి జారిందన్నమాట.

## ఊరట ఖర్చుకు ఎన్ని వేషాలో

ఆ పక్క గడి ఊరట ఖర్చు. వస్తువు కోసం కాకుండా మనసు కుదుటపడటానికి కొనడం. బాధ, భయం, విసుగు, ఒంటరితనం ఉన్నప్పుడు మనుషులందరూ కొంటారు. జబ్బు ఉన్నప్పుడు మాత్రం దీనికి కొన్ని ప్రత్యేకమైన వేషాలు ఉంటాయి.

నా పెనం ఒక వేషం. ట్రెక్కింగ్ బూట్లు, కుట్టుమిషన్, బరువైన పట్టుచీర, యోగా చాప ఇవన్నీ ఆ జాతివే. వాటిని కొంటున్నంతసేపూ మళ్లీ మామూలు మనిషిని అయిపోతానన్న నమ్మకం ఉంటుంది. పార్సిల్ విప్పాక ఆ నమ్మకం ఉండదు. వస్తువు మిగులుతుంది.

రెండోది ఆశ. దీనికి అయ్యే డబ్బు చాలా ఎక్కువ, దీని గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. ఊళ్లోంచి చిన్నత్త ఫోన్ చేస్తుంది. "మా పక్కింటావిడకు పూర్తిగా తగ్గిపోయిందటే, నువ్వూ ఒక్క డబ్బా వాడి చూడరాదూ?" అంటుంది. ఆమె ప్రేమలో అనుమానం లేదు. ఆ డబ్బా అమ్మేది మాత్రం చెయిన్ మార్కెటింగ్ మనిషి, వాడాల్సింది కనీసం మూడు నెలలు. అయస్కాంతాల పరుపు, రాగి కడియం, నూనెలు, "షుగర్‌ను వేళ్లతో సహా పీకేసే" పొడులు... జబ్బు వచ్చిన మొదటి రెండు మూడేళ్లలో వీటి మీద ఎంత పోయిందో చాలామంది లెక్క కూడా రాసుకోరు. అది ఖర్చులా అనిపించదు, ప్రయత్నంలా అనిపిస్తుంది. షుగర్, కీళ్లవాతం లాంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చట్టం వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా ఆ ప్రకటనలు గోడల మీది నుంచి ఫోన్‌లోకి మారాయి, అంతే. ఆశపడి కొన్నవాళ్లను నేను తప్పు పట్టలేను. పూర్తిగా తగ్గదని డాక్టర్ చెప్పిన సాయంత్రం ఎవరికైనా ఎక్కడో ఒక తలుపు తెరిచి ఉండాలనిపిస్తుంది.

మూడోది అపరాధ భావం. "అమ్మ ఎప్పుడూ పడుకునే ఉంటుంది" అని పిల్లవాడు స్కూల్లో చెప్పాడని తెలిస్తే, ఆ రాత్రి రిమోట్ కారు ఆర్డర్ అవుతుంది. ఇంజెక్షన్ వేయించుకున్న రోజు "ఇంత పడ్డాను కదా" అంటూ తనకు తాను కొనుక్కునేది ఇంకొకటి. ఇది అన్నిటికంటే చిన్నది, నా దృష్టిలో అన్నిటికంటే హాని తక్కువది.

## బాధలో ఉన్న మనసు ధర ఎలా చూస్తుంది

దీని మీద పరిశోధనలు ఉన్నాయి. అవన్నీ ఒకే మాట చెప్పవు.

2008లో అమెరికా పరిశోధకులు సింథియా క్రైడర్, జెన్నిఫర్ లెర్నర్ బృందం ఒక ప్రయోగం చేసింది. కొందరికి విషాదకరమైన వీడియో, మరికొందరికి ఏ భావమూ కలిగించని వీడియో చూపించి, తర్వాత ఒక మామూలు నీళ్ల సీసాకు ఎంత ఇస్తారని అడిగారు. విషాదం చూసినవాళ్లు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ ఇస్తామన్నారు. వీడియో ప్రభావం మీ మీద ఉందా అంటే లేదనే చెప్పారు. బాధలో ఉన్న మనిషి తన గురించే ఎక్కువ ఆలోచించుకుంటున్నప్పుడు ఈ ప్రభావం కనిపించిందని వాళ్ల వివరణ. జబ్బు చేసే పని సరిగ్గా అదే. రోజంతా మన ఒంటి వైపే మన చూపు తిప్పి ఉంచుతుంది.

2014లో స్కాట్ రిక్ బృందం మిషిగన్ యూనివర్సిటీ నుంచి ఇంకో వైపు చూపించింది. బాధలో ఉన్నవాళ్లలో కొందరిని వస్తువులు ఊరికే చూడమన్నారు, కొందరిని ఏవి కొంటారో ఎంచుకోమన్నారు. ఎంచుకున్నవాళ్లలో బాధ ఎక్కువగా తగ్గింది. పరిస్థితులు మన చేతిలో లేవన్న భావం బాధలో ఉంటుందనీ, ఎంచుకోవడం వల్ల పట్టు కొంత తిరిగి వస్తుందనీ వాళ్ల వాదన. కోపం మాత్రం అలా తగ్గలేదు.

ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది ఇది. ఊరట ఖర్చు వట్టి బలహీనత కాదు, అది నిజంగానే కొంత పని చేస్తుంది. రక్త పరీక్ష అంకెలు మన మాట వినవు, కీళ్లు మన మాట వినవు. నీలం రంగా, ఆకుపచ్చా అన్నది మాత్రం మనం నిర్ణయించగలం. చిక్కల్లా ఎక్కడంటే, ఊరట ఇచ్చేది ఎంచుకోవడం, డబ్బు తీసుకునేది కొనడం. ఈ రెండూ ఒకే బటన్‌లో కలిసిపోయాయి.

2013లో వచ్చిన మరో అధ్యయనం మనకు దగ్గరి నేల మీద జరిగింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఆలోచించే శక్తిని కొలిచే పరీక్షలు పెట్టారు. డబ్బుకు కటకటగా ఉన్న కోత ముందు రోజుల్లో అదే రైతుకు మార్కులు తగ్గాయి. ఆ ఫలితాలను ఎలా చదవాలన్న దాని మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. కానీ డబ్బు టెన్షన్ ఆలోచించే శక్తిని తినేస్తుందన్నది అనుభవంలో ఉన్నవాళ్లకు కొత్త సంగతి కాదు. దానికి నొప్పి, నిద్రలేమి తోడైతే రాత్రి రెండు గంటలకు తీసుకునే నిర్ణయం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

## ఫోన్, కార్డు కలిసి చేసే పని

"ఇంకా రెండే మిగిలాయి", "ఆఫర్ 9 నిమిషాల్లో ముగుస్తుంది" అని తొందర పెట్టడం, మనం పెట్టని వస్తువును బుట్టలో చేర్చడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు రాయడం వంటి 13 రకాల మాయలను కేంద్రం 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో నిషేధించింది. నియమం ఉంది, ఆ మాయలు చూపించే తెరలూ ఇంకా ఉన్నాయి. అలసిన బుర్ర మీద వీటి దెబ్బ గట్టిగా పడుతుంది.

కార్డు విషయం అంతకంటే ముఖ్యం. 2001లో ప్రచురితమైన, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రయోగంలో ఒక మ్యాచ్ టికెట్లకు వేలం పెడితే, కార్డుతో కట్టొచ్చని చెప్పినవాళ్లు నగదు కట్టాల్సినవాళ్ల కంటే సుమారు రెట్టింపు పాడారు. ఇక్కడి దాకా చాలామందికి తెలిసిన సంగతే. తెలియనిది దాని తర్వాతది.

కార్డు బాకీ 20,000 ఉందనుకోండి. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 700, దాని మీద జీఎస్టీ 126, మొత్తం 826. కనీస మొత్తం అని బిల్లులో కనిపించేది సుమారు 5 శాతం, అంటే 1,000 కడితే అసలులో తగ్గేది 174 రూపాయలు. అంతటితో అయిపోలేదు. బాకీ పూర్తిగా కట్టని కార్డు మీద కొత్తగా కొనేవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. అంటే సేల్‌లో కొన్న స్పీకర్ బాకీ ఉన్నన్నాళ్లూ, అదే కార్డు మీద కొన్న, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మాత్రలకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఊరట ఖర్చు మందు ఖర్చును పెంచే దారి ఇది. బిల్లు కాగితం మీద ఇది విడిగా కనిపించదు.

## తప్పు మనిషిది కాక మాత్రది అయినప్పుడు

ఈ భాగం ఎవరో ఒకరి ఇంటికి చాలా అవసరం, అందుకే విడిగా రాస్తున్నాను. పార్కిన్సన్స్‌కూ, కాళ్లు ఆగకుండా ఆడించాలనిపించే సమస్యకూ ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో అదుపు లేని కోరికలు పుట్టిస్తాయి. జూదం, అతిగా తినడం, అతిగా కొనడం అందులో ఉన్నాయి. 2010లో మూడు వేల మందికి పైగా పార్కిన్సన్స్ రోగుల మీద వెలువడిన అధ్యయనంలో 5.7 శాతం మందిలో అతిగా కొనే సమస్య కనిపించింది. మానసిక ఆరోగ్యానికి వాడే అరిపిప్రజోల్ గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. స్టెరాయిడ్లు నిద్రను, మూడ్‌ను తలకిందులు చేస్తాయి. మూడ్ విపరీతంగా పైకీ కిందికీ ఊగే బైపోలార్ జబ్బులో ఉధృతి దశ వస్తే డబ్బు నీళ్లలా ఖర్చు చేయడం దాని లక్షణాల్లో ఒకటి.

అరవై ఐదేళ్ల దాకా పైసా లెక్క చూసిన నాన్న ఉన్నట్టుండి టీవీ షాపింగ్‌లో గడియారాలు కొనడం మొదలుపెడితే ఇంట్లో గొడవ అవుతుంది, "ఈ వయసులో ఇదేం బుద్ధి" అంటారు. మందు ఎప్పుడు మొదలైంది, మోతాదు ఎప్పుడు పెరిగింది అన్న తేదీలను ఆ బిల్లుల పక్కన పెట్టి చూసిన డాక్టర్‌కు సంగతి అర్థమవుతుంది. ఇలాంటి మందులను సొంతంగా ఆపేస్తే వేరే ప్రమాదం ఉంటుంది కాబట్టి మార్పు డాక్టర్ చేతుల్లోనే జరగాలి. ఈ సందర్భంలో బడ్జెట్ పుస్తకం, క్రమశిక్షణ ఏమీ చేయలేవు.

## మూడు నెలల లెక్క: సగటు చెప్పని సంగతి

ఇప్పుడు ఒక ఊహించిన లెక్క. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్ టీచర్, కీళ్లవాతం ఉంది, జీతం 28,000. ఇంటి ఖర్చుకు తన వాటా 15,000. ఫోను, చిన్న చీటీపాట, చిల్లర ఖర్చులు 2,000.

"మందులకు నెలకెంత?" అంటే "2,200" అంటుంది. ఆమె మనసులో ఉన్న అంకె అది. కానీ మూడు నెలలకోసారి రక్త పరీక్షలు 1,800, డాక్టర్ ఫీజు 600. వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ఏడాదికోసారి కంటి పరీక్ష 1,200. పోయిన ఏడాది నొప్పులు రెండుసార్లు తిరగబెట్టి ఒక్కోసారి 4,500 అయింది. వీటిని నెలలకు పంచితే 2,200కు 600, 200, 100, 750 కలిపి 3,850 అవుతుంది. మనసులో ఉన్న అంకెకూ అసలు అంకెకూ తేడా నెలకు 1,650, ఏడాదికి 19,800. "అనుకోకుండా వచ్చిన ఖర్చు" అని మనం చెప్పుకునేది చాలాసార్లు ఇదే. అనుకోనిది కాదు, రాసుకోనిది.

ఓపిక ఖర్చు: కర్రీ పాయింట్ నెలకు ఎనిమిది రోజులు, రోజుకు 120 చొప్పున 960. ఆటో పది రోజులు, 100 చొప్పున 1,000. అంట్లు తోమే మనిషికి 1,500. మొత్తం 3,460.

ఊరట ఖర్చు మొదటి నెల 3,100, రెండో నెల 900, మూడో నెల 5,600. మూడో నెలలోనే రక్త పరీక్ష రిపోర్టు వచ్చింది, ఒంట్లో వాపు ఎంతుందో సూచించే ఈఎస్ఆర్ అంకె పెరిగింది.

మొదటి నెల అన్నీ కలిపి 25,760 అయింది, 2,240 మిగిలింది. రెండో నెల 23,560, మిగిలింది 4,440. మూడో నెల పరీక్షలు, ఫీజు 2,400 కూడా పడి 30,660 అయింది. లోటు 2,660, కార్డు మీదకు వెళ్లింది.

ఇక్కడ ఆగి చూడాలి. మూడు నెలల్లో వచ్చింది 84,000, పోయింది 79,980. ఊరట ఖర్చులో పైసా తగ్గించకుండానే 4,020 మిగులు ఉంది. కంటి పరీక్షకూ, తిరగబెట్టే నొప్పులకూ మూడు నెలలకు 2,550 పక్కన పెట్టినా ఇంకా 1,470 ఉంటుంది. మరి అప్పు ఎందుకైంది? మంచి నెలల్లో మిగిలిన 6,680 పొదుపు ఖాతాలో విడిగా లేదు, మామూలు ఖాతాలో కలిసి కరిగిపోయింది. చెడ్డ నెలలో మందు ఖర్చు, ఓపిక ఖర్చు, ఊరట ఖర్చు మూడూ ఒకేసారి లేస్తాయి. అవి వేరువేరు ఖర్చులు కావు, ఒకే జబ్బు మూడు చోట్ల వేసే వాత. జబ్బు లేని ఇంటి బడ్జెట్‌లో నెలకూ నెలకూ పెద్ద తేడా ఉండదు. జబ్బున్న ఇంట్లో నెల అన్నది సరైన కొలత కాదు. మూడు నెలలు, లేదా ఒక పరీక్ష నుంచి ఇంకో పరీక్ష దాకా ఉన్న కాలం సరైన కొలత.

అదే లెక్కలో ఇంట్లోవాళ్లు "ముందు పనిమనిషిని మానిపించు" అన్నారనుకుందాం. నెలకు 1,500 మిగులుతుంది. మణికట్లు వాచి అదనంగా ఒకసారి డాక్టర్ దగ్గరికి 600, రెండు రోజుల జీతం కోత 1,866 అయితే పోయింది 2,466. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని కాదు. కానీ కత్తెర ఎక్కడ పడుతోందో చూడకుండా వేస్తే ఇలా జరగడానికి చాలా అవకాశం ఉంది.

## తగ్గించే దారుల మీద భిన్నాభిప్రాయాలు

కొందరు గట్టి కంచె వేయాలంటారు. యాప్‌లు తీసేయడం, కార్డు వివరాలు సేవ్ చేయకపోవడం, రాత్రిళ్లు ఫోన్ వేరే గదిలో పెట్టడం. సంకల్పం మీద ఆధారపడకుండా దారిలోనే అడ్డం పెట్టడం ఇందులో ఉన్న బలం. నొప్పితో ఉన్న రోజు సంకల్పం ఉండదు కాబట్టి ఈ వాదనకు బరువుంది. కానీ అదే యాప్‌లో మందులు, కూరగాయలు తెప్పించుకునే మనిషికి అది తీసేయడం ఓపికను తీసేసినట్టే. పూర్తి నిషేధం పెట్టుకున్నవాళ్లు ఒక రోజు కట్ట తెగినట్టు కొనేయడమూ ఉంది.

ఇంకొందరు ఊరటకు ఒక మొత్తం కేటాయించి, అందులో ఏం కొన్నా ఎవరూ అడగకూడదంటారు. పై లెక్కలో మూడు నెలల ఊరట ఖర్చు 9,600. అందులో సగం, అంటే నెలకు 1,600 అలా ఉంచితే మిగులు మరో 4,800 పెరుగుతుంది, ఊరటా పూర్తిగా పోదు. నాకు ఈ దారి ఎక్కువ న్యాయంగా తోస్తుంది. అయితే కార్డు మీద పాత బాకీ వడ్డీతో ఉన్నప్పుడు ఈ 1,600 కూడా ఖరీదైనదే అన్న ఎదుటివాళ్ల మాటను కొట్టిపారేయలేం.

ఎంచుకోవడాన్నీ కొనడాన్నీ విడదీయడం మూడో ఆలోచన. వస్తువును ఎంచుకుని, రంగు చూసుకుని, బుట్టలో పెట్టి, రెండు రోజులు వదిలేయడం. ఎంపికలోనే ఊరట ఉందన్న పరిశోధన నిజమైతే ఇందులో కొంత పస ఉండాలి. నా వరకు సగం సార్లు పని చేసింది. మిగతా సగంలో రెండు రోజుల తర్వాత కూడా కొన్నాను, వాటిలో చాలావాటిని వాడుతున్నాను కూడా.

అన్నిటికంటే చిక్కైనది కుటుంబం పహారా. ఫోన్, యూపీఐ పిన్ భర్తకో కొడుక్కో అప్పజెప్పమంటారు. మందు ప్రభావం, ఉధృతి దశ ఉన్నప్పుడు రోగి ఒప్పుకోలుతో ఇది ఇంటిని కాపాడుతుంది. మామూలు బాధలో కొన్న మనిషి విషయంలో ఇది ఎదురు తిరిగే ప్రమాదం ఉంది. తన చేతిలో ఏమీ లేదన్న బాధతోనే కదా ఆ మనిషి కొన్నది? ఉన్న ఆ కాస్తా లాక్కుంటే బాధ పెరుగుతుంది. ముఖ్యంగా తన జీతం తాను ఖర్చు పెట్టుకునే హక్కు కోసం ఏళ్లు పోరాడిన ఆడవాళ్లకు ఇది జబ్బు పేరుతో వెనక్కి నడవడం.

మందుల బిల్లు తగ్గించుకునే దారి మీదా రెండు మాటలున్నాయి. 2008లో మొదలైన జన ఔషధి పథకం షాపుల్లో చాలా మందులు బ్రాండ్ ధరలో సగానికీ, అంతకంటే తక్కువకూ దొరుకుతాయి. షుగర్, బీపీ మాత్రలకు ఇది పెద్ద తేడా. మూర్ఛ, థైరాయిడ్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే కొన్ని మందుల్లో మాత్రం మోతాదు కొద్దిగా అటూ ఇటూ అయినా తేడా చేస్తుంది కాబట్టి, తయారీదారు మారేటప్పుడు తమకు చెప్పాలని డాక్టర్లు కోరతారు. అది జనరిక్‌ల నాణ్యత మీద అనుమానం కాదు, మార్పును గమనించడం కోసం.

## లెక్క ఆగిపోయే చోటు

ఇంతవరకు రాసినదంతా జీతం వస్తున్న ఇంటి సంగతి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, డయాలసిస్ మీద ఉన్న మనిషి ఇంట్లో ఈ మూడు గళ్లు పనికిరావు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ప్రభుత్వ కేంద్రంలో డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. వారానికి మూడుసార్లు చొప్పున నెలకు 13 రోజులు వెళ్లాలి. ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద, తోడు ఒకరు. తోడు వచ్చిన మనిషి కూలి రోజుకు 500 అనుకుంటే 6,500 పోయినట్టు. ఇద్దరికీ రానూపోనూ 150 చొప్పున 1,950. పదివేలలో 8,450 ఇలాగే అయిపోతుంది. రోగి సంపాదన ఆగిపోయి ఉంటుంది. మిగిలిన 1,550లో ఏ ఖర్చు తగ్గించమని ఎవరు చెప్పగలరు?

ఉద్దానం కొబ్బరికి పేరు. పొటాషియం ఎక్కువని డయాలసిస్ రోగులను కొబ్బరినీళ్లు తాగొద్దంటారు. ఇంటికి తిరిగి వెళ్తూ అతను బస్టాండు దగ్గర ఒక బొండం కొట్టించి, పొద్దుటి నుంచి తన పక్కనే కూర్చున్న భార్య చేతికి ఇస్తాడు. ఆ నలభై రూపాయల్ని ఊరట గడిలో రాసి, తగ్గించుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు.